పక్కనే పెద్దాసుపత్రి ఉన్నా

కోల్‌కతా న్యూ టౌన్‌లో ఆసుపత్రులకు కొదవ లేదు. టాటా మెడికల్ సెంటర్ 2011 నుంచి అక్కడే క్యాన్సర్ వైద్యం చేస్తోంది. చిత్తరంజన్ జాతీయ క్యాన్సర్ సంస్థ రెండో ప్రాంగణం 2022లో మొదలైంది. అయినా పక్కనున్న సాల్ట్ లేక్‌లోని జాతీయ హోమియోపతి సంస్థకు జనం వెళ్తూనే ఉన్నారు. నగరంలో యామినీ భూషణ్ రాయ్ 1916లో పెట్టిన ఆయుర్వేద కళాశాల నేటికీ నడుస్తోంది. ఆయనకు అల్లోపతి పట్టా కూడా ఉండేది!

డాక్టరు దొరక్కే నాటు మందుకు పోతారన్నది సగం నిజం. 2022-23 జాతీయ నమూనా సర్వే ప్రకారం ఏడాదిలో ఆయుర్వేదం, హోమియోపతి వంటి ఆయుష్ పద్ధతులు వాడినవారు పల్లెల్లో సుమారు 46 శాతం, పట్టణాల్లో 53 శాతం. అంటే దూరం ఒక్కటే కారణం కాదు. ఖర్చు ఉంది, ఆపరేషన్ భయం ఉంది, ఏళ్లతరబడి వదలని కీళ్లనొప్పుల విసుగు ఉంది. అన్నిటికీ మించి, నాడి పట్టుకుని తిండీ నిద్రా అడిగి, చెప్పింది ఓపిగ్గా వినే మనిషి కావాలి. ఎముక విరిగితే ఎక్స్‌రే చేతబట్టుకుని మన పుత్తూరు కట్టుకు వెళ్లేవారిని మూఢులని కొట్టిపారేయలేం.

కానీ క్యాన్సర్ గడ్డకు ఆకుపసరు పూస్తూ నెలలు గడిపితే ప్రాణానికే ముప్పు. పాదరసం, సీసం కలిసిన భస్మాలు మూత్రపిండాలను దెబ్బతీయగలవు. చీవాట్లకు జడిసి రోగి ఇలాంటివి వాడుతున్న సంగతి డాక్టరు దగ్గర దాస్తాడు. ‘ఇంకేం మందులు వాడుతున్నారు?’ అన్న ప్రశ్నకు ప్రతి ఓపీ చీటీలోనూ చోటుండాలి. కసరకుండా అడగాలి.