గూడూరులో రెండో బహుమతి

1960ల తొలినాళ్లలో మా గూడూరులో ఒక పాటల పోటీ జరిగింది. ముఖ్య అతిథి గాయని ఎస్.జానకి. ఒక కుర్రాడికి రెండో బహుమతి ఇచ్చారు. మొదటిది ఇతనికే దక్కాల్సిందనీ, సినిమాల్లో ప్రయత్నిస్తే గొప్ప గాయకుడవుతాడనీ జానకి అన్నారు. ఆ కుర్రాడు హరికథకులు సాంబమూర్తి గారి అబ్బాయి బాలు, అదే ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం. పెద్దవాడయ్యాక కూడా ఈ ముచ్చట ఎన్నోసార్లు చెప్పుకున్నారాయన. 1966 డిసెంబరు 15న సంగీత దర్శకుడు కోదండపాణి ఆయన చేత తొలి సినిమా పాట పాడించారు.

1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైంది. పిల్లల పాట తూచే కుర్చీలోకి ఆ రెండో బహుమతి కుర్రాడే వచ్చి కూర్చున్నాడు. ఆ కార్యక్రమం మర్యాదకు మూలం అక్కడే ఉందని నా నమ్మకం.

మా నాన్న నిమ్మకాయల మార్కెట్లో పద్దులు రాసేవారు. ఆ కార్యక్రమం వచ్చే రోజు ఇంటికి రాగానే చొక్కా కూడా విప్పకుండా టీవీ ముందు కూర్చునేవారు. బాలు ముందుగా పాట రాసిందెవరో, బాణీ కట్టిందెవరో చెప్పేవారు. ఏ పాపాయో ‘శ’ను ‘స’ అంటే, పాట అయ్యాక ఆ ముక్క తానే పాడి చూపించి, మళ్లీ పాడించేవారు. వంటింట్లో మా అమ్మ ఆ అక్షరాన్ని పెదాల మీదే పలికి సరిచూసుకునేది. ఓడిన పిల్లకు ఒక పాఠం, చూసేవాళ్లకూ అదే పాఠం. ఉష, గోపికా పూర్ణిమ, మల్లికార్జున్ లాంటి గాయకులు ఆ వేదిక మీదుగానే వచ్చారు.

ఇప్పటి పాటల పోటీల్లో తీర్పే తమాషా అయిపోయింది. ఫలితం చెప్పే ముందు డప్పుల మోత, ఊరించే విరామం, పదేళ్ల పిల్ల కన్నీళ్ల మీదికి కెమెరా. పక్కన అమ్మానాన్నల ముఖాలు. ఇంతసేపు చూపించినవాళ్లు ఆ పిల్ల ఎక్కడ శ్రుతి తప్పిందో మాత్రం చెప్పరు. రేటింగులు కావాలి కదా అంటారు. ‘పాడుతా తీయగా’ ఏళ్ల తరబడి నడవలేదా? కన్నడంలో ‘ఎదె తుంబి హాడువెను’ను కూడా బాలు ఇదే పద్ధతిలో నడిపి మెప్పించారే! చూసేవాళ్లకు ఓపిక లేదన్నది చానళ్లు తమకు తామే చెప్పుకునే సాకు.

నేనడిగేది పెద్ద కోరికేం కాదు. ఎన్ని మార్కులు వేశారో, ఎందుకు వేశారో అందరి ముందూ చెప్పండి. ఓడిన పిల్ల ముఖం మీద కెమెరా పెట్టకండి. తీర్పు తప్పనిపిస్తే ఆ మాట వేదిక మీదే అనగల అతిథిని పిలవండి, ఆనాడు జానకి అన్నట్టు.

మా అమ్మకిప్పుడు డెబ్బై దాటాయి. పాటల పోటీ ఏదొచ్చినా చూస్తుంది. పాట అయిపోయి డప్పులు మొదలవగానే రిమోట్ తీసి సౌండు పూర్తిగా తగ్గించేస్తుంది. ఇంకో పిల్ల మైకు ముందుకొచ్చాక మళ్లీ పెంచుతుంది.