ఆదా కోసం పెట్టిన అడా

సైన్యం వాడే సాఫ్టువేరు ఏ భాషలో రాయాలో సర్కారువారు చెప్పాలా? ఈ మాట ఎత్తగానే మనవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది నవ్వేసి, "అడా గతి ఏమైందో తెలీదా?" అంటారు. నేనూ మొన్నమొన్నటిదాకా అలానే నవ్వేవాణ్ణి. సీ ప్లస్ ప్లస్ రాసి పొట్టపోసుకునేవాణ్ణి, ఎవడో వచ్చి ఫలానా భాషలోనే రాయమంటే ఒళ్ళు మండదూ? కానీ ఆ కథ మొదట్నుంచీ చదివాక నవ్వు రావట్లేదు.

1970ల్లో అమెరికా రక్షణశాఖ లెక్క తీస్తే వాళ్ళ ప్రాజెక్టుల్లో 450కి పైగా భాషలు, వాటి యాసలు తేలాయి. కోడు ముప్ఫై నలభై ఏళ్ళు బతకాలి, రాసినవాడు ఐదేళ్ళకి ఉద్యోగం మారతాడు. ఇక మెయింటెనెన్సు ఎవడు చేస్తాడు? అందుకని పోటీ పెట్టి, 1979లో జాన్ ఇష్బియా బృందం డిజైన్ చేసిన భాషని ఎంచుకుని అడా అన్నారు. పేరు అడా లవ్‌లేస్ గారిది. మన చెవికి 'ఆదా' అని వినిపించినా తప్పులేదు, ఉద్దేశం కూడా అదే! (మన తేజస్ వెనకున్న ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ పొట్టిపేరు కూడా ఏడీఏనే. దానికీ దీనికీ చుట్టరికం లేదు.)

1991 జూన్ నుంచి అడాలోనే రాయాలని అక్కడి కాంగ్రెస్ చట్టమే చేసింది, "ఖర్చు గిట్టుబాటయ్యే చోట" అని ఓ చిన్న తోక తగిలించి. ఆ తోక పట్టుకుని ఎవరి దారిన వాళ్ళు మినహాయింపులు అడిగారు. 1997లో ఆ నిబంధనే ఎత్తేశారు.

మనవాళ్ళు కథ ఇక్కడితో ఆపేస్తారు. అసలు సంగతి ఏంటంటే, ఎత్తేసే ముందు నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ కమిటీ ఒక సలహా ఇచ్చింది. యుద్ధంలో వాడే సాఫ్టువేరుకి అడా ఉంచండి, మిగతా పనులకి తీసేయండి, ఉంచిన చోట కంపైలర్లకీ టూల్సుకీ డబ్బు పెట్టండి, అది మీ వల్ల కాదంటే మొత్తం ఎత్తేయండి అని. రక్షణశాఖ ఆ చివరి ముక్క ఒక్కటే చెవిన పెట్టింది.

తర్వాత ఎఫ్-35 వచ్చింది. కోడులో ఎక్కువ భాగం సీ, సీ ప్లస్ ప్లస్. దానికోసం 2005 డిసెంబరులో రెండువందలకు పైగా రూల్సుతో ఓ పుస్తకం రాసుకున్నారు. అందులో ఒకటి: సమాచారం పోయేలా ఒక టైపుని చాటుగా ఇంకో టైపులోకి మార్చకూడదు. అయ్యా, అడా కంపైలరు ఆ పని అసలు చెయ్యనివ్వదు కదా! కాపలావాణ్ణి పంపించేసి గోడమీద "దొంగలు రాకూడదు" అని రాసినట్టుంది.

రూల్సు పుస్తకం ఎలా పనిచేస్తుందో నాకు బాగా తెలుసు. నా పాత ప్రాజెక్టులో (మిలిటరీది కాదు) క్లయింటు ఇలాంటిదే ఇచ్చాడు. మొదటి నెల శ్రద్ధగా పాటించాం. డెలివరీ దగ్గరపడ్డాక వార్నింగు వస్తే కోడు దిద్దడం మానేసి డీవియేషన్ ఫారం నింపడం నేర్చుకున్నాం. నేనే ఒకరోజు పదకొండు నింపాను. అన్నిటికీ కారణం ఒకటే, కాపీ పేస్టు.

"మరి ఏరియాన్ 5 పేలింది అడా కోడుతోనే కదా" అని ఒకరు లేస్తారు. నిజమే. 1996 జూన్ 4న 64 బిట్ల సంఖ్య 16 బిట్లలో పట్టలేదు. ఏరియాన్ 4లో ఆ విలువ అంత పెరగదులే అని రక్షణ పెట్టకుండా వదిలి, ఆ కోడునే కొత్త రాకెట్టుకి ఎక్కించారు. కొత్త రాకెట్టు దారితో పరీక్షించనూ లేదు. 1991లో ధహ్రాన్‌లో పేట్రియట్ గురితప్పి 28మంది సైనికులు పోయింది కూడా, 0.1 సెకను బైనరీలో కచ్చితంగా ఇమడకపోవడం వల్ల. వంద గంటలకి తేడా సెకనులో మూడోవంతు. ఏ భాషా తనంతట తాను దాన్ని ఆపేది కాదు. ఒప్పుకుంటాను. హెల్మెట్ పెట్టుకున్నవాడూ లారీ కింద పడి పోతాడు, అంతమాత్రాన హెల్మెట్ దండగ అనం కదా.

ఇంకో సాకు, ఆ భాష తెలిసినవాళ్ళు దొరకరట. ఈ మాట మనం అనకూడదు. మన బాబాయిలు, మావయ్యలు అమీర్‌పేటలో కోబోల్ నేర్చుకుని వైటూకే పేరుతో విమానమెక్కినవాళ్ళే. జీతమిస్తే నేర్చుకుంటాం.

ఇప్పుడు మళ్ళీ అదే గొడవ. 2022 నవంబరులో ఎన్‌ఎస్‌ఏ, 2024 ఫిబ్రవరిలో వైట్‌హౌస్ మెమరీ భద్రత ఉన్న భాషలకి మారమన్నాయి. సలహాయే, చట్టం కాదు. నా మటుకు నాకు ఆయుధాల కోడు వరకూ చట్టమే కావాలి. రస్టో స్పార్కో ఏదైనా సరే, కంపైలరు పట్టగలిగే తప్పుని మనిషి కంటికి వదలకూడదు. జీతాల సాఫ్టువేరు జావాలో రాసుకోండి, ఎవడొద్దన్నాడు? మినహాయింపు కావాలంటే మాత్రం సంతకం ప్రాజెక్టు బయటివాడు పెట్టాలి. నా పదకొండు ఫారాల మీద సంతకం చేసింది మా మేనేజరే. మర్నాడే డెలివరీ, ఆయన ఒక్కటీ చదవలేదు.