చేప లేకుండా చేప హక్కా?

"హక్కు ఇచ్చాం కదా, ఇంకేం కావాలి?" ఆదివాసీలకు ఈ మాట కొత్త కాదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో నిస్క్వాలీ తెగ ఈ మాటకు ఎలా జవాబు చెప్పిందో మన పిల్లలకు తెలియాలి.

1854 మెడిసిన్ క్రీక్ ఒప్పందంతో అక్కడి తెగల భూములు చాలావరకు పోయాయి. అలవాటైన చోట్ల చేపలు పట్టుకునే హక్కు మాత్రం కాగితం మీద మిగిలింది. ఆ కాగితాన్నీ తొక్కేశారు. వల వేసినందుకు బిల్లీ ఫ్రాంక్ జూనియర్‌ను పద్నాలుగేళ్లకే అరెస్టు చేశారు. తర్వాత యాభైసార్లకు పైగా పట్టుకుపోయారు. చివరికి 1974లో జడ్జి బోల్ట్, పట్టదగిన చేపల్లో సగం వాటా ఒప్పందం చేసుకున్న తెగలదేనని తీర్పిచ్చాడు.

హక్కు గెలిచారు. మరి ఏట్లో చేప ఏది?

సాల్మన్ ఏట్లో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ ఏటికే వస్తుంది. సముద్రంలోకి పోయేముందు చినూక్ రకం పిల్లలు ఎన్నో ఏటిమొగలో ఆగుతాయి. గడ్డి నేలల మధ్య సన్నపాయల్లో పురుగులు తిని బలుస్తాయి, ఉప్పునీటికి అలవాటు పడతాయి. నిస్క్వాలీ ఏటిమొగలో ఆ నేల చుట్టూ 1900ల మొదట్లో వ్యవసాయం కోసం కరకట్ట వేశారు. పోటునీరు లోపలికి రాకుండా పోయింది. వలకు కోర్టు హక్కిచ్చింది. పిల్లచేపకు ఇల్లెవరిస్తారు?

"హేచరీల్లో పెంచి వదిలితే చాలదా?" అంటారు కొందరు. హేచరీలు ఆ తెగ కూడా నడుపుతోంది. కానీ అక్కడ పెరిగిన పిల్ల కూడా ఏటిమొగ దాటే సముద్రానికి పోవాలి.

అందుకే తెగవాళ్లు తీర్పును గోడకు తగిలించి కూర్చోలేదు. 1990ల నుంచి ఏటి తూర్పు ఒడ్డున కట్టలు తీయించారు. 2009లో అవతలి ఒడ్డున, వన్యప్రాణుల శరణాలయంలోని పాత కట్టనూ తీసేశారు. 762 ఎకరాల్లోకి మళ్లీ పోటునీరు వచ్చింది. వల వేస్తే జైల్లో పెట్టిన దేశమే 2015లో ఆ శరణాలయానికి బిల్లీ ఫ్రాంక్ పేరు పెట్టుకుంది. అప్పటికి ఆయన లేడు.

తెగలు ఇంకో అడుగు వేశాయి. రోడ్ల కింద చేపలు ఎదురెక్కలేని తూములు కట్టడం కూడా ఒప్పందాన్ని దెబ్బతీయడమేనని వాదించాయి. వాటిని రాష్ట్రమే బాగుచేయాలన్న ఆదేశం 2018లో సుప్రీంకోర్టులోనూ నిలిచింది.

మన సంగతీ ఇదే. అడవి ఫలసాయం మీద హక్కు రాసిచ్చి ఇప్పచెట్లు నరికితే ఆ హక్కుతో ఏం ఏరుకోవాలి? 2006 అటవీ హక్కుల చట్టం పట్టాతోనే ఆగలేదు. ఐదో సెక్షన్ అడవినీ, వన్యప్రాణులనూ, నీటివనరులనూ కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. పట్టా కోసం తిరిగినంతగా ఈ అధికారం కోసం మనం ఎప్పుడైనా తిరిగామా?

టీచర్లారా, మీ ఊరి వాగులో ఒకప్పుడు ఏ చేపలుండేవో తాతలనూ అవ్వలనూ అడిగి రాసుకురమ్మని పిల్లలకు చెప్పండి. యువకులారా, యువతులారా, ఆ జాబితా పట్టుకుని గ్రామసభలో లేచి నిలబడండి. వాగు బతికితేనే మన కాగితానికి విలువ.