లాగుట సరే, ఆగుట మాటేమి?

వేసవి రాగానే పాత క్యాంపర్ వ్యాను వెనుక చిన్న పడవను తగిలించుకొని సరస్సుకు బయలుదేరే కుటుంబాలు అమెరికాలో ఎన్నో ఉన్నాయి. పడవ కొనే ముందు ఇంటిల్లిపాదీ వేసుకొనే ప్రశ్న సాధారణంగా ఒక్కటే: “మన వ్యాను దీనిని లాగగలదా?” అంతకంటె ముందు అడుగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉన్నది. లాగిన బరువును ఆ వ్యాను ఆపగలదా?

1980 నుండి 1991 వరకు అమెరికాలో అమ్ముడైన ఫోక్స్‌వ్యాగన్ వ్యానగన్‌నే తీసుకొందాము. తొలినాటి పెట్రోలు ఇంజనుకు 67 అశ్వశక్తి; చివరి సంవత్సరాల ఇంజనుకు 90. కొలరాడోలో డెన్వరు 5,280 అడుగుల ఎత్తున ఉన్నది. అక్కడి నుండి 70వ నంబరు అంతర్రాష్ట్ర రహదారి ఐసెన్‌హోవర్ సొరంగం వద్ద 11,158 అడుగులకు ఎక్కి, డిలన్ సరస్సు వద్ద 9,017 అడుగులకు దిగుతుంది. వ్యాను, మనుషులు, సామాను కలిసి 2,400 కిలోలు, పడవ, ట్రైలరు 600 కిలోలు అనుకొందాము.

పలుచని గాలిలో ఇటువంటి ఇంజను ప్రతి వేయి అడుగులకు సుమారు 3 శాతం శక్తిని కోల్పోతుంది. అంటే సొరంగం దగ్గర 90లో మిగిలేది 60 మాత్రమే. నూటికి ఏడడుగుల ఎగువలో గంటకు 50 మైళ్ల వేగంతో ఈ బరువును పైకి చేర్చడానికే ఆ 60 సరిపోతుంది; గాలిని చీల్చడానికి ఏమీ మిగలదు. వేగాన్ని 30 మైళ్లకు తగ్గిస్తే 37 అశ్వశక్తి చాలును. కుడివైపు వరుసలో నెమ్మదిగా పోవడం నామోషీ కాదు. ఎక్కుడుకు మందు ఓపికయే.

దిగుడుకు ఓపిక ఒక్కటే చాలదు. సొరంగం నుండి డిలన్‌కు దిగేలోపల ఈ బరువు వదలే శక్తి దాదాపు 55 లీటర్ల చన్నీళ్లను మరిగే స్థితికి తేగలదు. గాలి, చక్రాల ఒరిపిడి అందులో కొంత పంచుకొంటాయి. మిగిలినదంతా ఇంజనో, బ్రేకులో భరించాలి. పలు రాష్ట్రాలలో 3,000 పౌండ్లు దాటని ట్రైలరుకు బ్రేకులు తప్పనిసరి కాదు. కనుక పడవ వంతు వేడి కూడా వ్యాను బ్రేకుల మీదనే పడుతుంది.

ఇక్కడనే రసాయన శాస్త్రం ప్రవేశిస్తుంది. బ్రేకు గొట్టాలలోని ద్రవం ప్రధానంగా గ్లైకాల్ ఈథర్ల మిశ్రమం. ఉప్పు చెమ్మగిల్లినట్లు అది గాలిలోని తేమను ఏళ్ల తరబడి పీల్చుకొంటుంది. అమెరికా ప్రమాణం ప్రకారం డాట్-3 రకపు కొత్త ద్రవం 205 డిగ్రీల సెల్సియస్ లోపల మరుగరాదు; 3.7 శాతం నీరు చేరిన ద్రవానికి ఆ కనీస హద్దు 140 డిగ్రీలే. ద్రవం మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకు లొంగదు, ఆవిరి లొంగుతుంది. తొక్కిన పెడలు నేలకంటుతుంది, బండి ఆగదు. వెనుక సీటులో పిల్లలు ఉంటారు.

ఎడ్లబండి ఎరిగిన తాతలకు ఇందులో సగం కొత్త కాదు. బరువంతా వెనుకకు వేస్తే కాడి పైకి లేచి ఎడ్ల గొంతు బిగుస్తుంది. ముందుకు వేస్తే మెడలు కుంగుతాయి. ట్రైలరుకూ అంతే. మొత్తం బరువులో పదోవంతు హిచ్ మీద పడేటట్లు సర్దాలి. వెనుక బరువెక్కితే ట్రైలరు పాములా ఊగుతుంది.

కాబట్టి పడవ కోసం పెద్ద ట్రక్కు కొనుమనే సలహా తొందరపాటే. “ఇంతవరకూ ఏమీ కాలేదు కదా” అనే ధీమా అంతకంటె ప్రమాదకరం. బ్రేకు ద్రవాన్ని రెండేళ్లకొకసారి మార్చడం, వీలైతే ట్రైలరుకు బ్రేకులు అమర్చడం, ఎక్కిన గేరులోనే దిగడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. ఇవి చేయలేని వారికి డిలన్ ఒడ్డున పడవలు అద్దెకు దొరుకుతాయి. అద్దె పడవలోనూ అలలు అవే, పిల్లల కేరింతలూ అవే.