ఎక్కే ఉత్సాహం సరే.. దిగే నిర్ణయం ఎవరిది?

సైబరాబాద్: ఐటీ ఉద్యోగుల వారాంతపు వ్యాపకాల్లో రాక్ క్లైంబింగ్‌కు స్థిరమైన చోటు దక్కింది. ఖాజాగూడలోని ఫక్రుద్దీన్‌గుట్ట మొదలుకొని దుర్గం చెరువు పరిసరాల వరకు, కాస్త దూరమైనా ఫర్వాలేదనుకుంటే భువనగిరి కోట వరకు తాళ్లు భుజాన వేసుకొని బయలుదేరే బృందాలు తక్కువేమీ కాదు. ఎలా ఎక్కాలో నేర్పేవారికి కొదవ లేదు. శక్తికి మించిన మార్గాన్ని ఎంచుకున్నామని సగం దూరంలో తెలిసివస్తే ఏం చేయాలన్నదే పెద్దగా చర్చకు రాని విషయం. ప్రమాదం పొంచి ఉండేది సరిగ్గా అక్కడే.

రాపిడే ఆధారం

ఇక్కడి గుట్టల స్వభావం తెలిస్తే సమస్య తీవ్రత బోధపడుతుంది. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి ఈ గ్రానైటు ఎండకూ వానకూ ఉల్లిపొరల మాదిరిగా ఊడిపోతూ గుండ్రని బండలుగా, ఏటవాలు పలకలుగా మిగిలింది. పగుళ్లు, అంచులు ఉన్నచోట వేళ్లకు ఆసరా దొరుకుతుంది. నున్నని పలకపై మాత్రం బూటు రబ్బరుకూ రాతికీ మధ్య ఉండే రాపిడే ఆధారం. పాదంపై బరువు పూర్తిగా మోపితేనే అది నిలుస్తుంది. భయంతో ఒంటిని రాయికి ఆనించిన మరుక్షణం కాలు జారడం మొదలవుతుంది. అంటే ఇక్కడ భయం మనసుకు సంబంధించినది మాత్రమే కాదు, నేరుగా కాలి పట్టునే దెబ్బతీస్తుంది.

పైగా ఎక్కిన దారినే దిగడం ఎక్కడంకన్నా కష్టం. ఎక్కేటప్పుడు తర్వాతి ఆధారం కళ్లెదుట ఉంటుంది. దిగేటప్పుడు అది చూపునకు అందని చోట, కాలి కింద ఉంటుంది. ‘చూద్దాంలే’ అనుకొని పైకి మూడడుగులు వేసినవారు ఆ మూడడుగులూ వెనక్కి వేయలేక నిలిచిపోయేది ఇందువల్లే. పొద్దెక్కేకొద్దీ రాయి కాలుతుంది, చేతులు చెమర్చుతాయి. ఉదయం ఏడింటికి సాధ్యమైన మార్గమే పది దాటాక అసాధ్యం కావచ్చు. తేనెతుట్టెలు ఉన్న గుట్టల సంగతి చెప్పనక్కరలేదు.

కృత్రిమ గోడలపై సాధన చేసి వచ్చేవారిది మరో చిక్కు. అక్కడ చెయ్యి ఎక్కడ వేయాలో రంగు దిమ్మెలే చెబుతాయి, కింద మెత్తని పరుపు ఉంటుంది. గుట్టపై ఈ రెండూ ఉండవు. గోడపై సంపాదించిన స్థాయి ఇక్కడా చెల్లుతుందన్న ధీమాయే చాలామందిని శక్తికి మించిన మార్గంలోకి దింపుతోంది.

హోనాల్డ్ వెనుదిరిగిన చోటు

ప్రపంచ ప్రసిద్ధుడైన అమెరికా క్లైంబర్ అలెక్స్ హోనాల్డ్‌కూ ఇలాంటి నున్నని గ్రానైటు పలకే అడ్డుపడింది. సుమారు 3,000 అడుగుల ఎత్తున్న ఎల్ కాపిటన్ శిలను తాడు లేకుండా ఎక్కాలని 2016 శరదృతువులో, ఇంకా చీకటి ఉండగానే ఆయన ప్రయత్నం ఆరంభించారు. కొద్ది వారాల ముందే చీలమండకు గాయమైంది. కింది భాగంలోని పలకపై పాదం నిలుస్తుందన్న నమ్మకం కుదరలేదు. సినిమా బృందం కెమెరాలు సిద్ధంగా ఉన్నా ప్రయత్నం విరమించి దిగివచ్చారు. 2017 జూన్ 3న అదే శిలను 3 గంటల 56 నిమిషాల్లో ఎక్కారు. తొలిసారి మొండికేసి ఉంటే ఆ రెండో అవకాశం ఉండేది కాదేమో.

ఆయన ఒంటరి. నిర్ణయం ఆయనదే. వారాంతపు బృందాల్లో అంత సులువు కాదు. రుసుము చెల్లించి, సెలవు చూసుకొని, పది మంది తోటి ఉద్యోగుల ముందు నిలబడినవారికి ‘నా వల్ల కాదు’ అనడం రాయెక్కడంకన్నా కష్టం. కొత్తగా వచ్చినవారు అనుమానం ఉన్నా నోరు మెదపరు, అనుభవజ్ఞులు ఆ మౌనాన్ని అంగీకారంగా భావిస్తారు. కొత్త సాఫ్ట్‌వేర్‌ను వినియోగంలోకి తెచ్చే ముందు, తేడా వస్తే పాత స్థితికి ఎలా మళ్లాలో రాసి ఉంచుకోవడం ఐటీ కంపెనీల్లో అందరికీ తెలిసిన పద్ధతే. రోల్‌బ్యాక్ ప్రణాళిక లేనిదే అర్ధరాత్రి చిన్న మార్పునైనా అనుమతించని ఉద్యోగులు, ఆదివారం ఉదయం అలాంటి ఆలోచనేదీ లేకుండా బండపై వేలాడటం విచిత్రం.

కాబట్టి ఎన్నింటికి ఆపేయాలి, ఏ చోటు దాటితే తిరిగి రావడం కష్టం, ఎవరి మాట చివరిది అన్నవి నేలమీద ఉండగానే తేల్చుకోవాలి. బృందంలో ఏ ఒక్కరు ‘ఆపేద్దాం’ అన్నా ప్రశ్నించకుండా ఆపాలి. గడువు పెట్టుకుంటే చాలదు, పాటించాలి కూడా. 1996 మే 10న ఎవరెస్టుపై మధ్యాహ్నం రెండు గంటల్లోపు వెనుదిరగాలన్న గడువు దాటాక కూడా కొందరు పైకే సాగారు. తుపాను విరుచుకుపడి రెండు రోజుల్లో ఎనిమిది మంది మరణించారు. గుట్టపై మార్గమధ్యంలో తాడుతో దిగాల్సి వస్తే ఒక స్లింగు, ఒకటి రెండు క్యారబినర్లు రాతికే వదిలి రావాల్సి ఉంటుంది. వాటి ఖరీదు చూసి ఇంకో నాలుగడుగులు పైకి పోయేవారూ లేకపోలేదు!

నగరం పక్కనే ఉందన్న భరోసా కూడా మోసపుచ్చుతుంది. ఖాజాగూడ బండపై నుంచి చూస్తే అద్దాల భవనాలు, ట్రాఫిక్ కళ్లెదుటే ఉంటాయి. కాలు విరిగినవారిని బండల సందుల్లోంచి రోడ్డు వరకు మోసుకురావాల్సింది మాత్రం తోటివారే. అంబులెన్స్ గుట్ట మొదటి వరకే వస్తుంది.

నైపుణ్యం ఒక్కటే కాపాడుతుందనుకోవడానికీ లేదు. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్‌బాబు ఐఐటీ, ఐఐఎంలలో చదివి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలను అధిరోహించిన మేటి. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా బయలుదేరి ప్రతికూల వాతావరణంలో గల్లంతయ్యారు. ఏప్రిల్‌లో మృతదేహం లభించింది. అంతటివారికే తప్పలేదంటే, ఆర్నెల్ల అనుభవంతో సాహసించేవారు ఎంత జాగ్రత్తగా ఉండాలో ఊహించవచ్చు.

వెనుదిరిగినవారికి ‘కొండ ఎక్కడికీ పోదు, మళ్లీ రావచ్చు’ అని ధైర్యం చెప్పడం పర్వతారోహకుల్లో పరిపాటి. సైబరాబాద్‌లో ఆ మాట కూడా గట్టిగా చెప్పలేని స్థితి. ఐటీ విస్తరణలో ఎన్నో బండలు పేలుళ్లకు ముక్కలయ్యాయి. 1996లో ఏర్పడిన సొసైటీ టు సేవ్ రాక్స్ వంటి సంస్థల కృషితో దుర్గం చెరువు గుట్టలు, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని పుట్టగొడుగు శిల వంటివి వారసత్వ జాబితాకెక్కాయి. ఖాజాగూడ గుట్టల పరిరక్షణ కోసం పౌరులు ఇంకా గళమెత్తుతూనే ఉన్నారు.