చిన్న తుపాకి – పెద్ద భారము

మాఘ ఫాల్గుణ మాసములలో పల్నాటినుండియు, ఒంగోలు ప్రాంతమునుండియు మిరప టిక్కీలు లారీలపై గుంటూరు యార్డునకు చేరుచుండును. చేతిలో సొమ్ము, ఊరిలో కక్ష, రాత్రి ప్రయాణము—ఈ మూడును గూడినచోట భూస్వామికిని వర్తకునకును ఆత్మరక్షణ చింత కలుగుట సహజము. జేబులో నిముడునంత చిన్నదియు, దెబ్బలో మిక్కిలి బలమైనదియు నగు చేతితుపాకి యొకటి యున్నచో నిర్భయముగా తిరుగవచ్చునని తలంచువారు గలరు. ఈ తలంపు ఎంతవరకు సమంజసమో విచారింపవలసియున్నది.

మొదట శాసనమును జూతము. 1878 నాటి ఆయుధచట్టము భారతీయుని నిరాయుధుని గావించినది. ఆ యవమానము దేశహృదయమున నాటుకొనియుండుటచేతనే 1931లో కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానమున, నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కును జేర్చెను. కాని స్వాతంత్ర్యము వచ్చిన పిదప, 1948 డిసెంబరులో రాజ్యాంగసభయందు కామత్ గారు ఆ హక్కును ప్రతిపాదింపగా అంబేద్కరు గారు సమ్మతింపలేదు. అట్టి హక్కు దుష్టులకును సంక్రమించునని వారి యాశంక. ఆ సంవత్సరమే జనవరి 30వ తేదీన మహాత్ముని బలిగొన్నది జేబున నిముడు బెరెట్టా పిస్తోలే గదా!

కావున నేడు మన దేశమున తుపాకి హక్కు గాదు, అనుజ్ఞ మాత్రమే. 1959 నాటి చట్టమును, 2016 నాటి నియమములును దీనికి ఆధారములు. 9 మిల్లీమీటర్లు మొదలగు సైనిక బోరులు సామాన్య పౌరునకు నిషిద్ధములు. 2019 నాటి సవరణ ననుసరించి నిషిద్ధాయుధమును అక్రమముగా నుంచుకొన్నవానికి 7 సంవత్సరములకు తక్కువగాని శిక్ష గలదు. అది 14 సంవత్సరములవరకును పోవచ్చును. అనుజ్ఞ పొందినవారికి లభించు చేతితుపాకి సాధారణముగా పాయింటు 32 బోరుదే. దాని గుండు శక్తి 9 మిల్లీమీటర్ల గుండు శక్తిలో ఇంచుమించు మూడవవంతు. అమెరికాలోని మన బంధువులు అచ్చటి యంగళ్లలో చూచిన పాయింటు 45 పిస్తోళ్లను వర్ణింపగా విని, ఇచ్చటను అట్టిది సంపాదింప నుద్యమించువారు చెఱసాలకు దారి వెదకుకొనువారే యగుదురు.

ఇక యంత్రధర్మము. గుండు ముందునకు దూకునప్పుడు తుపాకి వెనుకకు తన్నును. ఒకే గుండును ప్రయోగించు రెండు తుపాకులలో ఒకదాని బరువు సగమైనచో, దాని వెనుదన్ను వేగమును, ఆ తాకిడి శక్తియు రెట్టింపగును. గొట్టము పొట్టిదైనకొలదియు మందు పూర్తిగా కాలకమునుపే గుండు వెడలిపోవును. వేగము తగ్గును, మంటయు మ్రోతయు హెచ్చును. గురి చూచు కొలతయు కుదించుకొనిపోవును; తూటాలును తక్కువ. అనగా బలమైన గుండు మిక్కిలి చిన్న తుపాకిలో తన బలమును గొంత కోల్పోవుచు, ప్రయోగించువాని చేతినే బాధించును. చేతికి నొప్పి కలిగించు దానితో ఎవడును అభ్యాసము చేయడు. అభ్యాసము లేనివాడు చీకటిలో, భయములో గురి కుదుర్చలేడు. 1865లో లింకనును చంపిన డెరింజరు అరచేతిలో నిముడునదియే, పెద్ద గుండు గలదియే. కాని అది వెనుకనుండి దాపుగా వచ్చిన హంతకునకు సాధనమైనది. ఆత్మరక్షకుని యవసరము వేరు.

2014లో కాన్పూరు ఆయుధ కర్మాగారము వారు స్త్రీల నుద్దేశించి వెలువరించిన ‘నిర్భీక్’ రివాల్వరు బరువు సుమారు 500 గ్రాములు, వెల లక్షరూపాయలకు పైమాట. తేలిక యగుట మోయుటకు సుఖమే. కాని అనుజ్ఞ లభించినవారు మిక్కిలి చిన్నదానికంటె పిడి నిండుగా చేతికందునదియు, తఱచుగా అభ్యసింపదగినదియు నగు దానిని ఎన్నుకొనుట మేలు. బహిరంగస్థలములలో దానిని ఒరలోనుంచి, పూర్తిగా కప్పి, తన యధీనమున నుంచుకొనవలెనని నియమము. పెండ్లిపందిట గాలిలో ప్రేల్చి యితరులకు ప్రాణభయము కల్పించినవారికి కారాగారమును ప్రాప్తించును.

ప్రేల్చిన పిమ్మట న్యాయస్థానము గలదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత ఆత్మరక్షణ హక్కును గుర్తించినది. రాత్రివేళ కన్నము వేయువానిపై, దోపిడికానిపై ఆ హక్కు విస్తారమైనది. అయినను అవసరమునకు మించిన హింసకు అనుమతి లేదు. పారిపోవుచున్న వానిని వెనుకనుండి కొట్టి ఆత్మరక్షణ యని పలుకుట దుర్ఘటము.

అన్నింటికంటె గొప్ప ప్రశ్న వేఱొకటి గలదు. ఈ మైదానములలో ప్రాణభయ మెవరికి? 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనమండ్రు హతులైరి. వారు దళితులు, లక్షరూపాయల ఆయుధము కొనజాలినవారు గారు. అత్యాచార నిరోధక చట్టము క్రింద 1995లో వెలువడిన నియమములు, అట్టి ప్రమాదప్రాంతములలో ఇతర కులస్థుల తుపాకి యనుజ్ఞలను రద్దుచేయవలెననియు, అవసరమైనచో దళితులకును గిరిజనులకును అనుజ్ఞలొసగవచ్చుననియు శాసించుచున్నవి. భూమియు, ధనమును, పలుకుబడియు గలవాని నడుమున తుపాకియు జేరినప్పుడు కూలివానికి కలుగు భయము కూడ లెక్కింపదగినదే. ఒకని రక్షణ మఱియొకని బెదరింపు గాకూడదు.

ఒంగోలు సీమకు తన పేరొసగిన ప్రకాశము పంతులుగారు 1928లో మదరాసునందు తుపాకుల యెదుట ఱొమ్ము చూపినవారు. వారి ధైర్యము ఆయుధమునుండి వచ్చినది గాదు. నేడు కాటన్ కార్పొరేషను వారు పత్తి సొమ్మును రైతు బ్యాంకు ఖాతాకే జమచేయుచున్నారు. మిరప వర్తకమునను నగదును విడిచి అట్లే చెల్లించుకొన్నచో దొంగకు దొరకునదేమి? రాత్రి యొంటరి ప్రయాణము మానుట, కక్షలను పెద్దమనుష్యుల సమక్షమునగాని, న్యాయస్థానమునగాని తీర్చుకొనుట, పోలీసువారు గ్రామమార్గములలో రాత్రిగస్తీ హెచ్చించునట్లు ఒత్తిడి తెచ్చుట—ఇవి ముందు చేయదగిన పనులు. ఇవన్నియు చేసిన పిమ్మటను నిజమైన ప్రాణభయము మిగిలినవాడు అనుజ్ఞ కోరవచ్చును. శిక్షణ పొంది, పిల్లలకందకుండ తాళములో దాచి, ధర్మబద్ధుడై యుండవలెను.