డెల్ఫీకి ఎవరు అతిథి?

గ్రీసులోని పాత ఊళ్లలో సదస్సులు, రిట్రీట్లు, పెళ్లిళ్లు, కంపెనీల వేడుకలు జరపడం ఇప్పుడొక వ్యాపారం. వెనక కొండ, పక్కన విరిగిన స్తంభాలు, నడుమ వేదిక ఉంటే ఫొటో అందంగా వస్తుంది. అయితే ఫొటోలో స్తంభాలు పడటం తప్ప ఆ కార్యక్రమానికి ఆ ఊరితో వేరే పని లేనప్పుడు, దాన్ని అక్కడే ఎందుకు జరపాలి? ఏథెన్స్‌కు వాయవ్యంగా సుమారు 180 కిలోమీటర్ల దూరంలో, పర్నాసస్ కొండవాలును పట్టుకుని ఉన్న డెల్ఫీ ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి తగిన చోటు. ప్రాచీన కాలంలో వందల ఏళ్లపాటు ఆ ఊరు అతిథుల మీదే బతికింది. అందుకే వాళ్లను ఎప్పుడు పిలవాలో, ఎక్కడ నిలపాలో దానికి తెలుసు. నేను చెప్పదలచింది ఇదే: ఏ పనికి డెల్ఫీయే కావాలో ఆ పనే డెల్ఫీలో జరగాలి, అదైనా ఊరు మోయగలిగినంత మందితో, ఊరికి వీలైన కాలంలో జరగాలి.

ఇది ఈనాటి పర్యావరణ స్పృహ నేర్పిన కొత్త పాఠం కాదు. అపోలో దేవుడి పలుకు కోసం రాజులు, నగర రాజ్యాలు డెల్ఫీకి దూతలను పంపేవి. అంత గిరాకీ ఉన్నా, పితియా అనే పూజారిణి నోట ఆ పలుకు వెలువడేది నెలకు ఒక్కరోజే, అదీ ఏడాదిలో తొమ్మిది నెలలే. చలికాలం మూడు నెలలూ అపోలో అక్కడ ఉండడని నమ్మేవారు. అంతకుముందు ఏడాదికి ఒక్కరోజే పలికేదని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. ప్రశ్న అడగవచ్చినవారు ముందుగా ‘పెలనోస్’ అనే రుసుము చెల్లించాలి. డెల్ఫీలో జరిగిన పితియన్ క్రీడలు మొదట ఎనిమిదేళ్లకోసారి జరిగే సంగీత పోటీలు; క్రీ.పూ. 582 నుంచి నాలుగేళ్లకోసారి, ఆటల పోటీలతో కలిపి జరిగాయి. రథాల పందేలకు కొండవాలు చాలదు కనుక వాటిని దిగువ మైదానంలో పెట్టారు. గుడి దగ్గర చెక్కిన సూక్తులలో ఒకటి ఏదీ అతి కాకూడదంటుంది. అతి పనికిరాదని మన పెద్దలు చెప్పే మాటే అది. డెల్ఫీ ఆ మాటను రాతి మీద చెక్కి ఊరుకోలేదు, తన పంచాంగంలోనే పాటించింది.

ఇక చిన్న బృందాల విషయం. క్రీ.శ. మొదటి శతాబ్దం చివర, రెండో శతాబ్దం మొదట్లో ప్లూటార్క్ డెల్ఫీలో అపోలో పూజారి. ఆయన సంవాదాల్లో ఒకదానిలో కొద్దిమంది మిత్రులు ఒక అతిథితో కలిసి కంచు విగ్రహాలను చూస్తూ మెల్లగా కొండ ఎక్కుతుంటారు. కంచుకు ఆ రంగు ఎలా వచ్చింది, పితియా ఇప్పుడు పద్యంలో ఎందుకు పలకడం లేదు అని మాట్లాడుకుంటారు. క్లుప్తంగా చెప్పమని వేడుకున్నా వినకుండా అలవాటైన ప్రసంగమంతా అప్పజెప్పే గైడ్లు కూడా అందులో ఉన్నారు. రిట్రీట్ అన్న మాటకు ఇంతకంటే మంచి నమూనా నాకు కనబడదు. అక్కడ చర్చకు అంశాన్ని ఇచ్చింది ఆ చోటే. ఆ సంభాషణను మరో ఊరి హోటల్ గదికి మారిస్తే అందులో ఏమీ మిగలదు.

ఈ ఊరిని చోటు అడిగే హక్కు మనకెంత ఉందో తేల్చుకోవాలంటే దాని ఇటీవలి చరిత్ర కూడా చూడాలి. శిథిలాల మీద ఒకప్పుడు కస్త్రి అనే పల్లె ఉండేది. 1892లో ఫ్రెంచివారి పెద్ద తవ్వకాలు మొదలుకావడానికి ఆ పల్లెను అక్కడి నుంచి లేపి ఇప్పుడున్న చోట కట్టారు. లోకం చూడటానికి తమ ఇళ్లు వదులుకున్నవారి ఊరది. 1927లో, మళ్లీ 1930లో కవి ఆంగెలోస్ సికెలియానోస్, ఆయన భార్య ఈవా పామర్ అక్కడ డెల్ఫిక్ ఉత్సవాలు జరిపారు. పాత రంగస్థలం మీద ప్రాచీన నాటకకర్త ఈస్కిలస్ నాటకం ఆడించారు, ఆటల పోటీలు పెట్టారు, పల్లె చేతిపనుల ప్రదర్శన ఏర్పాటు చేశారు. నటుల దుస్తులను ఈవా మగ్గం మీద నేయించింది. ఆశయం గొప్పదే, కానీ ఖర్చు ఆమె ఆస్తిని మింగేసింది; మూడో ఉత్సవం జరగలేదు. ఒక కుటుంబం సంపద మీద నిలబడ్డ వేడుక ఆ సంపదతోనే ఆగిపోయింది. 1977లో ఏర్పడిన యూరోపియన్ కల్చరల్ సెంటర్ ఆఫ్ డెల్ఫీ అందుకే ముఖ్యమైనది. శిథిలాలకు ఎడంగా సమావేశ మందిరాలు, బస ఉన్న శాశ్వత సంస్థ అది. పగలు రాళ్లను చూడవచ్చు, చర్చ మాత్రం వాటి మీద కూర్చుని చేయనక్కర్లేదు.

పెద్ద కార్యక్రమాలు వస్తేనే ఊరికి డబ్బు వస్తుంది కదా అని అడగవచ్చు. డెల్ఫీ కొరత జనం కాదు, నిలిచే జనం. ఏథెన్స్ నుంచి పొద్దున బస్సులో వచ్చి సాయంత్రానికి తిరిగిపోయే వేలమంది కంటే, మూడు రాత్రులు ఉండి ఊళ్లోనే తినే నలభై మంది చిన్న హోటళ్లకు, భోజనశాలలకు ఎక్కువ మేలు చేస్తారు. వాళ్లు రావలసింది వేసవిలో కాదు. శీతాకాలం వారాంతాల్లో పక్కనున్న అరాఖోవాకు మంచు ఆటల కోసం ఏథెన్స్ జనం ఎలాగూ వస్తారు. ఖాళీగా ఉండేవి ఆ నెలల మామూలు రోజులు. రంగస్థలం ఉన్నది ఆడటానికే కదా అన్నది మరో ప్రశ్న. నిజమే, సుమారు ఐదువేల మంది పట్టే ఆ మెట్లను ఎప్పటికీ మూసి ఉంచాలని నేననను. కానీ ఆ కొండ మెత్తని మనసున్నది కాదు. క్రీ.పూ. 373లో అపోలో గుడి ప్రకృతి విలయంలో కూలింది; 1905లో దొర్లిన బండలు ఎథీనా గుడి స్తంభాలను పడగొట్టాయి. అలాంటి చోట అనుమతి అరుదుగానే ఉండాలి. 2017లో గుచ్చీ సంస్థ ఏథెన్స్‌లోని అక్రోపొలిస్ మీద ఫ్యాషన్ ప్రదర్శన పెడతానంటే గ్రీసు కేంద్ర పురావస్తు మండలి ఒప్పుకోలేదు. 2021లో డియోర్ సంస్థ ఫ్యాషన్ ప్రదర్శన అదే నగరంలోని పానథెనాయిక్ స్టేడియంలో జరిగింది; అది 1896 ఒలింపిక్స్ కోసం పాలరాతితో తిరిగి కట్టిన మైదానం. ఏ చోటు ఏ బరువు మోస్తుందో చూడటమే అసలు తీర్పు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం ఒకటుంది. చిన్న బృందాలు, తక్కువ రోజులు అంటే చివరికి డబ్బున్నవాళ్లకే చోటు దొరకదా? ఈ భయం సరైనదే. హద్దు ధర ద్వారా పెడితే అదే జరుగుతుంది. అందుకని హద్దుతో పాటు షరతు కూడా ఉండాలి: బయటివారు జరిపే ప్రతి సమావేశంలో ఒక సాయంత్రం ఊరివారికి ఉచితంగా తెరవాలి, కొన్ని చోట్లు విద్యార్థులకు కేటాయించాలి, రుసుములో ఒక వాటా ఊరికి చెందాలి. సికెలియానోస్ దంపతులు పల్లెవాళ్ల చేతిపనికి ఉత్సవంలో చోటిచ్చినట్టే, నేటి నిర్వాహకులూ ఊరిని తమ కార్యక్రమంలో భాగం చేయాలి.

క్రీ.పూ. మూడో శతాబ్దంలో క్లియార్కస్ అనే అతిథి డెల్ఫీకి వచ్చాడు. అక్కడి సూక్తులను జాగ్రత్తగా రాసుకుని, ఇప్పటి అఫ్గానిస్తాన్ ఉత్తరాన ఉన్న ఐ ఖానూమ్ నగరానికి తీసుకుపోయి రాతి మీద చెక్కించాడు. ఆ చెక్కిన పీఠం తవ్వకాల్లో దొరికింది. అతను డెల్ఫీ నుంచి ఒక్క రాయి కూడా తీసుకుపోలేదు, తీసుకుపోవలసింది మాత్రం తీసుకుపోయాడు. ఈ ఊళ్లో సమావేశం జరపడానికి అనుమతి అడిగే ప్రతివారినీ డెల్ఫీ అడగాల్సింది కూడా ఇదే: ఇక్కడి నుంచి మీరు ఏం తీసుకువెళ్తారు?